గోనె కింద గీత

తెనాలి,
19 మే 1968, ఆదివారం.

చిరంజీవి నరసింహానికి,

వెంకటరత్నమ్మ అనే నేను, లాకుల దగ్గర పనిచేసి పోయిన వీరాస్వామి భార్యను, వయసు డెబ్బై దాటినదాన్ని, కాలవ గట్టున పడవల రేవు దగ్గర ఇడ్లీ కొట్టు పెట్టుకుని ఒక్కదాన్నే బతుకుతూ, రాయిస్తున్నది. కన్నకొడుక్కి నువ్వెవరో చెప్పడమేమిటని, రాస్తున్న దక్షిణామూర్తి మాస్టారు నవ్వారు. ఇది నీ ఒక్కడి చేతిలో ఆగే కాగితం కాదు, మీ ఆఫీసులో పెట్టాల్సింది. అందుకే రాయమన్నాను. ఇక్కడ అందరం క్షేమమని కూడా రాయించాలట. ఇవాళ్టికి క్షేమమే.

మోకాళ్ళ సంగతి అడిగావు. చంద్రకళ పంపిన తైలం వాసన బాగుంది, నొప్పి అలాగే ఉంది. కోడలికి మొదటి మాటే చెప్పు.

కొట్టు నిలిచింది, సంతోషమేనా అనీ అడిగావు. గుంటూరులో కూర్చుని నువ్వు గీసిన కాలవ గట్టు ప్లాను మాస్టారు నాకు విడమరిచి చెప్పారు. రాతి గోడ, దీపాలు, పెద్దమనుషులు కూర్చునే బల్లలు. నిండు కాలవ నీళ్ళు తగిలే చోటికి ఇరవై అడుగుల లోపల ఉన్న పాకలూ కొట్లూ తీసేస్తారు. వాళ్ళకి వంతెన అవతల పల్లంలో గదులు కడతారు. మొదటి రెండు గదులూ పడవ మత్తయికి, చేపల కమలమ్మకి. నా కొట్టు మాత్రం ఇరవై అడుగులు దాటి పడింది. ఎలా పడిందో నువ్వు అడగలేదు.

మీ వాళ్ళు కొలతకి వచ్చింది పోయిన నెలాఖరున, కాలవకి నీళ్ళు కట్టేశాక. అడుగున బురద తప్ప చుక్క లేదు. నిండు నీళ్ళు ఎందాకా వస్తాయమ్మా అని కొలత గొలుసు పట్టుకున్నాయన నన్నే అడిగాడు. లాకుల వీరాస్వామి భార్య కంటే ఎవరికి తెలుస్తుంది? నేను చెయ్యి చూపించాను, ఆయన రాసుకున్నాడు, నేను వేలిముద్ర వేశాను.

నాయనా, నేను చూపించింది అసలు చోటికి మూడు మెట్లు కిందకి. రేవు మెట్టు మీద, నిండు కాలవకి గుర్తుగా మీ నాన్న ఉలితో కొట్టిన గీత ఉంది. నీళ్ళు దాన్ని తాకిన రోజున నువ్వు ఇంటికి పరుగెత్తుకొచ్చి చెప్పేవాడివి. కొలత పూట దాని మీద గోనె పరిచి, గోనె మీద నేను కూర్చున్నాను. నిజం చెబితే కొట్టు పోతుందని. నేను చూపించిన లెక్కన ఆ పల్లం పొడినేల. మీ నాన్న గీత లెక్కన భాద్రపదంలో ఆ గదుల్లో మోకాలి లోతు నీళ్ళు.

నీ తప్పు లేదనను. ఒక్కసారి బస్సెక్కి వచ్చుంటే నన్ను లేపి గోనె తీయించేవాడివి. అమ్మ మాట కదా అని సంతకం పెట్టావు.

మత్తయికీ కమలమ్మకీ విడిగా చెప్పుకునే మొహం లేక, వాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టి ఇదంతా రాయించాను. మాస్టారు కలం ఆపి, "అబ్బాయి ఉద్యోగానికి ఇబ్బందేమో, వెంకటరత్నమ్మా" అన్నారు. "నీళ్ళల్లో పడుకునే పిల్లలకి కాదాండి ఇబ్బంది? రాయండి" అన్నాను. మత్తయి లేచి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చి, "గీత చూసొచ్చా. ముప్పై ఏళ్ళు నీ చేతి ఇడ్లీ తిన్నానక్కా" అన్నాడు.

రేపు కాక పై సోమవారం ఆ గదులకి పునాదులు తవ్వుతారట. ఈలోపు రా. వచ్చి కొలత మార్చు. కొట్టు పోతే పోయింది, పొయ్యి నెత్తిన పెట్టుకుని ఎక్కడైనా బతుకుతాను. గోనె తీసేశాను.

ఇట్లు,
గీత దాచిన నీ తల్లి
వెంకటరత్నమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు:
మత్తయి, వేలిముద్ర.
కమలమ్మ. (ముద్ర వెయ్యలేదు. నువ్వు వచ్చి పని ఆపిన రోజున వేస్తానంది. చోటు వదిలాను. — దక్షిణామూర్తి)