అడగకుండా ఇచ్చిన మాట

అత్తయ్యగారికి నమస్కారాలు.

బ్యాంకు ఉద్యోగం నాకే వచ్చింది. రాతపరీక్ష, బృంద చర్చ, మేనేజరుగారి ప్రశ్నలు అన్నీ గట్టెక్కాక, ఆఖరి ఇంటర్వ్యూలో ఒక పెద్దావిడ అడిగారు.

"పాపకి జ్వరమొస్తే ఎవరు చూసుకుంటారమ్మా?"

"మా అత్తగారండి."

"ఆవిడ ఒప్పుకున్నారా?"

"ఎప్పుడో ఒప్పుకున్నారండి" అనేశాను.

వంట దగ్గర మాటామాటా పెరిగి మీరు అలిగి వెళ్ళిన సంగతి మాత్రం చెప్పలేదు.

ఆవిడ నవ్వి, "అదృష్టవంతురాలివి" అన్నారు. నాకూ అలాగే అనిపించింది, అత్తయ్యా.

మీ గదిలో ఫ్యాను బాగుచేయించాం. పాప రోజూ మీ మంచమెక్కి మిమ్మల్ని పిలుస్తోంది. సోమవారం నేను ఉద్యోగంలో చేరాలి. ఆదివారం మీ అబ్బాయి స్టేషన్లో ఎదురుచూస్తుంటారు. మీరు రైలు దిగారంటే, నేనక్కడ చెప్పింది అబద్ధం కాకుండా పోతుంది.

మీ కోడలు