తెల్లవారుజాము పొగ

4 నవంబర్ 2024, సోమవారం
మళ్ళీ అదే పీక్. రోజూ తెల్లవారకముందే స్క్రీన్ మీద గీత నిలువునా లేస్తుంది, ఎండెక్కాక పడిపోతుంది. గాలిలో మసిని కొలిచే మిషన్ ఇది. డిపార్ట్‌మెంట్ డాబా రిపేర్లో ఉందని మెట్టుగూడలో మా ఇంటి డాబా మీద పెట్టుకున్నాను. కింద పెరట్లో అమ్మ రాగి బాయిలర్‌లో కట్టెలు వెలిగిస్తుంది, నా స్నానానికి. నీళ్ళు కాగిపోనాయి లెగవే అంటూ వచ్చి దుప్పటి లాగేస్తుంది. గీజర్ ఉంది. ఆ నీళ్ళు ఒంటికి పట్టవట.

మేఘాల మీద పీహెచ్‌డీ, పొగ మీద పదహారేళ్ళ ఉద్యోగం. ప్రొఫెసర్ కావాలంటే ఈ ఒక్క పేపర్ జర్నల్లో పడాలి. దాన్ని మా అమ్మ కట్టెలు తినేస్తున్నాయి.

9 నవంబర్
కట్టెలు మానమని అమ్మ మీద గట్టిగా అరిచాను. ఆవగింజంత పొగకే బెదిరిపోయేది అదేటి మిషనే అంది. మేగాలు సదివినోళ్ళు వానెప్పుడొస్తాదో సెప్పలేరు గానీ అమ్మ మీద మాత్రం ఉరుముతారు అని కూడా అంది. కోపంలోనూ నవ్వొచ్చింది. ప్రతి చినుకూ ఏదో ఒక రేణువు చుట్టూ పుడుతుందని, పొగ నుసి చుట్టూ కూడా నీరు చేరొచ్చని కూర్చోబెట్టి చెప్పాను. అయితే నా పొయ్యిలోంచీ వాన పుడతాదన్నమాట, మరెందుకే ఈ ఏడుపు అంది.

23 నవంబర్
రజిత నా రీసెర్చ్ స్టూడెంట్, వరంగల్ పిల్ల. ఆ పీక్ గంటలన్నిటికీ పనికిరాదని ఫ్లాగ్ పెట్టి తీసేద్దామా మేడమ్ అంది. పెట్టేయమన్నాను. కారణం: లోకల్ కంటామినేషన్. అంటే మా అమ్మ.

16 డిసెంబర్
అమ్మకి దగ్గు. అల్లం, మిరియాలు, పక్కింటావిడ చెప్పిన కషాయం. నా మాట తప్ప అన్నీ తీసుకుంటుంది.

3 జనవరి 2025, హాస్పిటల్
డాక్టర్ మేబెల్ గారు ఎక్స్‌రే చూస్తూ ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా అన్నారు. ఎప్పటి నుంచి అంటే, అమ్మకి ఊహ తెలిసినప్పటి నుంచి అన్నాను. మీరేం చేస్తుంటారు అన్నారు. పొగ మీద రీసెర్చ్ అన్నాను. ఆవిడ మళ్ళీ ఎక్స్‌రే వైపు తిరిగారు. తిట్టినా బాగుండేది.

పొయ్యి మానమని నేను అరిచింది గ్రాఫ్ కోసం. ఆ ఊపిరి కోసం ఒక్కసారీ అరవలేదు. ఛీ, నా చదువు తగలెయ్య.

11 జనవరి
ఆక్సిజన్ మాస్క్ పక్కకి లాగి, సన్నీళ్ళు పోసుకుంతన్నావా అని అడిగింది. గీజర్ నీళ్ళే అన్నాను. ఒంటికి పట్టవే అంది. మాస్క్ పెట్టేసి బాత్రూమ్‌లోకి పోయి ఏడ్చాను.

17 జనవరి
అమ్మ పోయింది.

6 ఫిబ్రవరి
మిషన్ ఆపడం ఎవరికీ గుర్తు లేదు. అది కొలుస్తూనే ఉంది. అమ్మని హాస్పిటల్లో చేర్చిన రోజు నుంచి తెల్లవారుజాము గీత చదునుగా పడుకుంది. క్లీన్ డేటా. ఎంత పోరాను దీని కోసం.

20 జూన్
రివ్యూయర్ల రిపోర్ట్ వచ్చింది. పేపర్ బాగుందట. తీసేసిన డేటా కూడా చూశారు. జనవరి నుంచి ఉదయపు పీక్ మాయమైంది, ఆ ప్రాంతం వంటగ్యాస్‌కి మారిందేమో, ఇంత సంతోషించదగ్గ మార్పుకి కారణం ఒక వాక్యంలో రాయండి అన్నారు.

రజిత చదివింది. గిది నాతోని కాదు మేడమ్, మీరే రాయుండ్రి అని కళ్ళు తుడుచుకుంటూ లేచిపోయింది.

21 జూన్
రాశాను. ఆ సోర్స్ ఇప్పుడు లేదు.

2 ఆగస్టు, తెల్లవారుజాము
పేపర్ అచ్చయింది. బాయిలర్ నేనే వెలిగించాను. పైన గీత లేచింది. ఫ్లాగ్ పెట్టను. నీళ్ళు కాగాయి. లెగవే అని పిలిచేవాళ్ళు లేక చల్లారిపోయాయి.