గుడ్డ కప్పిన అద్దం

షాల్‌క్రాస్,
ఆదివారం.

చిరంజీవి తమ్ముడు రామానికి చిన్నక్క ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, అమ్మాయి పద్మా, మనవరాలు దివ్యా క్షేమం. ఉత్తరం అలాగే మొదలుపెట్టాలి కనుక రాశాను, నమ్మి తీరాలని లేదు. నీ బీపీ ఎలా ఉంది? మరదలి మోకాళ్ళు? పిన్ని వేళకు తింటోందా?

పెద్దక్క పోయిందని ఫోన్ చేసి, "కడచూపుకైనా రాలేవా?" అని నా జవాబు వినకుండానే పెట్టేశావు. ఇప్పుడు విను. ఈ దేశంలో ఉండడానికిచ్చే పర్మిట్ పొడిగింపు కోసం మా ముగ్గురి పాస్‌పోర్టులూ ఆఫీసులో ఉన్నాయి. కొత్త ప్రభుత్వం, కొత్త ఫారాలు, పాత క్యూలే. అవి చేతికొచ్చేసరికి అక్క అస్థికలు కూడా గోదావరిలో కలిసిపోతాయి. రాకూడదని కాదురా, రాలేక.

మీకక్కడ వానలు, ఇక్కడ ఇప్పుడు చలికాలం. కొండమీద ఇల్లు, కిటికీ సందుల్లోంచి గాలి. ఆ రోజు మైల స్నానం చేసి వణుకుతూ కూర్చుంటే పక్కింటి అప్పలమ్మ దుప్పట్లు పట్టుకొచ్చింది. నాకు కప్పడానికనుకున్నాను. కాదు, అద్దాలకి! వాళ్ళ ముత్తాత చెరుకు తోటల పనికి విశాఖ నుంచి ఓడలో వచ్చాడట. తెలుగు సగం పోయినా ఈ ఆచారం మాత్రం వాళ్ళింట్లో నిలిచింది.

"లుకింగ్ గ్లాస్ సూడకు టీచరక్కా. పదకొండు డేస్ మూసే ఉండాల."

"చూస్తే ఏమవుతుంది?"

"సూడకు, అంతే."

ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పినదాన్ని, నన్ను ఒక్కమాటతో కూర్చోబెట్టింది.

ఆ వారమే దివ్యకు బడిలో ఒక పని ఇచ్చారు: రోజూ వాడే మాట ఒకటి తీసుకుని దాని అర్థాలు, పుట్టుక రాయాలి. ఎదురుగా దుప్పటి కప్పుకున్న అద్దాన్ని చూసి 'మిర్రర్' అని రాసుకుంది. నిఘంటువు తీశాం. లాటిన్‌లో ఆశ్చర్యంగా చూడడమని అర్థమున్న మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకొచ్చిందట. అద్భుతాన్ని చెప్పే 'మిరకిల్' దానికి చుట్టమే. అప్పలమ్మ 'లుకింగ్ గ్లాస్' మాత్రం అచ్చమైన ఇంగ్లీషు, చూసుకునే గాజు, అంతే. ఉన్నదున్నట్టు చూపే మనిషినీ, పుస్తకాన్నీ కూడా 'మిర్రర్' అంటారు.

"రోజూ కనిపించేది మన ఫేసే కదా అమ్మమ్మా, ఆశ్చర్యం దేనికి?" అంది దివ్య.

"నాకూ అదే అనుమానం. రాయి," అన్నాను.

నాలుగో రోజు పద్మ ఆస్పత్రికీ, దివ్య బడికీ వెళ్ళాక ఒక్కదాన్నే ఉన్నాను. తలంటుకున్నాను, చిక్కు తీసుకోవాలి. చదువుకున్నదాన్నన్న పొగరు కూడా ఉందిగా, దుప్పటి లాగేశాను.

అక్క కనిపించిందిరా.

జుట్టు విరబోసుకుని, కళ్ళు వాచి, నుదుట బొట్టు లేకుండా. పురిటికి పుట్టింటికి వచ్చినప్పుడు పెరట్లో తలారబెట్టుకుంటూ కూర్చునేదే, అచ్చం అలాగే. పాలవాడు నన్నే అక్కనుకుని లెక్క చెప్పిన రోజుల్లో ఎంత కోపం వచ్చేదో నాకు! ఇప్పుడు కదల్లేదు. కదిలితే నేనైపోతానని భయం. "ఆలస్యమైందే, తిట్టు," అన్నాను. తన పెదవులూ కదిలాయి.

ఎంతసేపో తెలియదు. పప్పు గిన్నెతో వచ్చిన అప్పలమ్మ గుమ్మంలో ఆగిపోయింది.

"సూస్తివా? సెప్పినా గదా. పోయినోళ్ళు దాంట్లో ఒస్తరు."

"వస్తే రానీ. మూయడం దేనికి?"

"ఒస్తే నువ్వు పోనియ్యవు గదా, అక్కా."

తను దుప్పటి ఒక కొస పట్టుకుంది, రెండో కొస నేనే పట్టుకున్నాను. మళ్ళీ కప్పేశాం.

రామం, కోపం ఉంటే ఉండనీ. కానీ ఫోన్ వద్దు, ఉత్తరం రాయి. అక్కకు ఏ చీర కట్టారు? కళ్ళు ఎవరు మూశారు? ముఖం ప్రశాంతంగా ఉందా, నొప్పితో ఉందా? నా మనసు నొస్తుందని ఏదీ దాచకు. నేను చూసింది నా ముఖమే, అంత మతి పోలేదు. అక్కని కడసారి చూసింది నువ్వు. ఆ చూపు నీ అక్షరాల్లోంచి తప్ప నాకు దొరకదు.

పిన్ని కాళ్ళకు నా దండం పెట్టు. పిల్లలకు ముద్దులు. మరదల్ని వాన ముసురులో మోకాళ్ళు కప్పుకోమను.

నీకు మిగిలిన అక్క,
సుశీల