మొహమాటమున్న కుక్క

సుభద్ర ఆంటీ,

మిమ్మల్ని చంపిన కుక్క యజమాని మీద కేసు ఏడాదికి ఇవాళ విచారణకొచ్చింది. "పక్కనున్న అమ్మాయితో ఆవిడకి చెప్పించాను" అన్నాడతను. నిజమే. అమెరికాలో, ఈ షామ్‌బర్గ్‌లో, మన అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దగ్గర, అది కొత్తవాళ్ళ మీద పడుతుంది, దగ్గరికి రావద్దని మీకు చెప్పమని నాతో ఇంగ్లిష్‌లో అన్నాడు. మీరు భయపడతారని నేను, "కొత్తవాళ్ళంటే కాస్త మొహమాటమట ఆంటీ" అన్నాను.

"కుక్కక్కూడా మొహమాటమేనా పిల్లా! రేపు బిస్కెట్ పెట్టి మాట కలుపుతాలే" అని నవ్వారు మీరు.

అతను చెప్పినట్టే చెప్పావా అని లాయర్ అడిగింది. "చెప్పాను" అన్నాను. ఇక అతనికి శిక్ష పడదంటున్నారు.

బయట మీ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "అయితే అమ్మ తెలిసే దాని దగ్గరికి వెళ్ళిందా?"

తల ఊపాను, ఆంటీ.