ఒక్క గొంతే వినపడే ఇల్లు

కరీంనగర్

ప్రియమైన బాపుకు,

నువ్వు చొప్పదండి చేరావని శంకరవ్వ అత్త ఫోన్‌లో చెప్పింది. నీ చేతికి ఫోన్ ఇచ్చినా లాభం లేదు, ఏమీ వినపడదు. మెసేజ్ పెడితే ఆ చిన్న అక్షరాలు కంటికి ఆనవంటావు. అందుకే పెద్ద అక్షరాలతో ఈ కాగితం.

నిన్ను అత్త దగ్గరికి పంపించేశానని కోపంగా ఉన్నావు కదా. బస్సు ఎక్కేటప్పుడు నా ముఖం కూడా చూడలేదు. నేనేం చేయను బాపూ. మనకూ పక్క పోర్షన్‌కూ మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడ. గోడకూ రేకులకూ నడుమ జానెడు సందు. వాళ్లు పోపు వేస్తే మనకు తుమ్ములొస్తాయి, ఇక నీ గొంతు సంగతి చెప్పాలా. పక్కింటి ముస్కాన్ మళ్లీ ఓనర్‌కు ఫిర్యాదు చేసింది. ఓంప్రకాశ్ నన్ను పిలిచి, "మీ బాపు లొల్లి బందైతెనే ఉండుండ్రి, లేకుంటె రూం ఖాళీ చెయ్యుండ్రి" అన్నాడు.

పెళ్లికాని ఆడపిల్లకు ఇల్లు ఇవ్వడానికి ఎంతమంది తల అడ్డంగా ఊపారో నీకు తెలుసు. ఈ గది పోతే ల్యాబులో ఉద్యోగం కూడా పోయినట్టే. కొన్నాళ్లు అక్కడ ఉండు. ఏదో ఒకటి చేసి నిన్ను తెచ్చుకుంటాను. నువ్వు లేకుండా ఇక్కడ ఉండడం నాకూ బాగాలేదు.

నీ బిడ్డ,
భవ్యశ్రీ

చొప్పదండి

నా బంగారు తల్లి భవ్యకు, బాపు దీవించి రాసేది,

కోపం లేదు. ఉంది కానీ నీ మీద కాదు. మీ అత్త బాగానే చూసుకుంటోంది. నేను నోరు తెరిస్తే మాత్రం కోళ్లు గంప కిందికి ఉరుకుతున్నాయట, నవ్వుతూ సైగ చేసి చెప్పింది. ఆ నవ్వు చూశాక ఇక్కడ కూడా మాటలు తగ్గించాను.

నేను అక్కడ ఏమన్నానని బిడ్డా అంత ఫిర్యాదు? తిన్నావా, గొడుగు పెట్టుకున్నావా, ఫ్యాను బంద్ చేశావా. ఇవే కదా నా మాటలు. సిరిసిల్లలో బట్ట నేసే సాంచాల చప్పుడులో వయసంతా పోయింది, చెవులు కూడా వాటితోనే పోయాయి. గొంతు పెద్దదైతే మనిషి చెడ్డవాడవుతాడా? ఆ ముస్కాన్ నన్ను చూస్తే పిల్లను కొంగు చాటుకు లాక్కుని లోపలికి పోయేది. నమస్తే పెట్టినా చూసేది కాదు. నేను ఆమెకు ఏం చేశానో ఒకసారి అడుగు. అది తెలియక మనసు చివుక్కుమంటోంది.

నీ మేలు కోరే,
బాపు

కరీంనగర్

ప్రియమైన బాపుకు,

అడిగాను. గట్టిగా పోట్లాడదామనే వెళ్లాను. ముస్కాన్ నన్ను లోపలికి లాగి, తలుపు గొళ్లెం పెట్టి, మెల్లగా అడిగింది: "అక్కా, మీ బాపు నిన్ను కొడ్తడా? ఆయన ఒర్లుడు వినొస్తది గని నీ నోట్లకెల్లి ఒక్క మాట ఎల్లది. గంత భయపడుకుంట ఎట్ల ఉంటున్నవ్?"

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. చిన్నప్పుడు నీకు కార్ఖానాకు సద్ది తెచ్చేదాన్ని. సాంచాలు నడుస్తుంటే అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినపడదు, అందరూ పెదవులు కదిపి చేతులతో చెప్పుకునేవాళ్లు. నువ్వూ, బతికున్నప్పుడు అమ్మా నాకు అదే నేర్పారు. ఇంట్లో ఇప్పటికీ నీతో అలాగే మాట్లాడతాను, గొంతుతో పనే లేదు. గోడ అవతల వాళ్లకు మాత్రం ఒక మగమనిషి అరుపులు, జవాబు ఇవ్వడానికి కూడా జంకే ఒక ఆడపిల్ల. నిన్ను ఇంట్లోంచి పంపించేస్తే నేను బతికిపోతానని ఫిర్యాదు చేసిందట.

విషయం చెప్పాక ఆమె తల ఎత్తలేదు. వాళ్లాయన అవేజ్ స్వయంగా ఓనర్ దగ్గరికి వెళ్లి నిన్ను రానివ్వమని అడిగాడు. కొంచెం గొంతు తగ్గిస్తే చాలని ఓనర్ ఒప్పుకున్నాడు. నీ గొంతు ఎంత పెద్దదో నీకు తెలియదు, అంతే కదా బాపూ. ఎక్కువైనప్పుడు నేను అరచెయ్యి కిందికి చూపిస్తాను, నువ్వు తగ్గించు. వెంటనే బయలుదేరు.

నీ కోసం ఎదురుచూస్తూ,
భవ్య

కరీంనగర్

ప్రియమైన బాపుకు,

ఉత్తరం వేసి చాలా రోజులైంది. నువ్వు రాలేదు, జవాబూ లేదు. నువ్వు ఇంట్లో అస్సలు మాట్లాడడం లేదని, పొద్దున్నే రైస్ మిల్లు వెనక పొలాల వైపు పోతున్నావని అత్త అంటోంది. నా మీద అలిగావా? తిట్టాలనుకుంటే ఇక్కడికి వచ్చి తిట్టు. ముస్కాన్ రోజూ నీ గురించే అడుగుతోంది.

భవ్య

చొప్పదండి

నా తల్లి భవ్యకు,

అలగలేదు బిడ్డా. నువ్వు రాసినదాంట్లో ఒక్కటే తప్పు. నా గొంతు పెద్దదని నాకు తెలుసు.

చెవులు పోతున్నప్పుడు మొదట మీ అమ్మ గొంతు వినపడకుండా పోయింది. తర్వాత నీది. ఆ తర్వాత బస్సు హారన్లు. నా గొంతు ఒక్కటి మిగిలింది, అది కూడా అరిస్తేనే, బావి అడుగు నుంచి ఎవరో పిలిచినట్టు. తిన్నావా బిడ్డా అని నిన్ను అడిగితే ఆ మాట నాకూ వినపడాలని ఆశ. అందుకే అరిచేవాణ్ణి.

ఇక్కడ మీ అత్తకు ఇబ్బంది ఎందుకని పొలాల్లోకి పోయి మాట్లాడుకునేవాణ్ణి. రమ్మని నువ్వు రాసిన ఉత్తరం అందిన మర్నాడు సంతోషంగా పోయి నీ పేరు పిలిచాను. ఏమీ వినపడలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. గొంతు మండింది, నాట్లు వేసే ఆడవాళ్లు నడుములు ఎత్తి చూశారు. వాళ్లకు వినపడింది, నాకు లేదు. మళ్లీ వినపడుతుందేమోనని ఆ రోజు నుంచి రోజూ పోయి చూశాను. జవాబు ఆలస్యమైంది అందుకే. నిన్నటి నుంచి పోవడం మానేశాను.

ముస్కాన్‌ను ఏమీ అనకు. పరాయి పిల్ల కోసం అంత ఫికర్ పడింది. పక్క పోర్షన్‌లో అలాంటి మనిషి ఉంటే నాకు ధైర్యమే. ఇక మన గదిలోంచి చప్పుడు రాదని ఓనర్‌కు చెప్పు. అరిచినా గొణిగినా ఇప్పుడు నాకు ఒకటే కాబట్టి, నేను కూడా నీలాగే పెదవులతో చెబుతాను. గోడ అవతల వాళ్లకు మన ఇంట్లో ఎవరూ లేనట్టే ఉంటుంది.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. బస్టాండుకు రా.

నీ బాపు,
దశరథం