మందు ఎరగని ఈగలు

2024 మే 27, సోమవారం. ఉదయం 7.10

నేను చెబుతున్నాను, నా తమ్ముడు నంజుండప్ప రాస్తున్నాడు. నాకు చదువు రాదు. నా కేసు నేను చెప్పుకోగలను, అది చాలు.

తమ్ముడు మారికుప్పం బంగారు గనిలో టైమ్ కీపర్‌గా చేసినవాడు. గోతిలోకి ఎవరు ఎన్ని గంటలకు దిగారో, ఎవరు పైకి వచ్చారో రాయడమే అతని పని. అందుకే ఈ పేజీకి కూడా గంట వేశాడు. గని మూసినప్పుడు మిగిలిపోయిన ఖాళీ మస్టర్ పుస్తకం ఇది, హాజరు రాసేది. దీనికి ఒకటే రూలు అంటాడు. రాసింది కొట్టెయ్యకూడదు, పేజీ చించకూడదు. నా మాటను దిద్ది పుస్తకాల తెలుగులో పెడుతున్నాడని నాకు తెలుసు. పెట్టుకోనీ. విషయం మారకపోతే సరి.

కేసు ఇది. శ్రీనివాసపురం పక్కన నాకు అరవై తోతాపురి మామిడి చెట్లు ఉన్నాయి. గని మూసిన మరుసటి ఏడు కొన్న తోట. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా మందు కొట్టలేదు. మా ఆయన గని దుమ్ము పీల్చి పీల్చి, చివరికి ఊపిరి అందక పోయాడు. ఆఖరి నెలల్లో ఈ చెట్ల కిందే మంచం వేయించుకున్నాడు. ఇక్కడైతే గాలి లోపలికి పోతోంది అనేవాడు. ఆ గాలిలోకి నేను మందు వదలను.

పక్క తోట సొన్నప్పది. ఆరుసార్లు స్ప్రే చేశాడు, అయినా కాయలో పురుగు. నిన్న మామిడి రైతుల సంఘం మీటింగులో లేచి, "నువ్వు మందు కొట్టవు, రాలిన కాయ ఎత్తవు. ఈగలు నీ తోటలో పుట్టి నా తోటలో గుడ్లు పెడతా ఉండాయి పెద్దమ్మా" అన్నాడు. నన్ను ఈగల తల్లి అన్నాడు. అందరూ నవ్వారు. ప్రెసిడెంట్ ఆదినారాయణప్ప తీర్మానం చదివాడు. వచ్చే పూతకు నా తోటలో కూడా మందు కొట్టాలి. కొట్టకపోతే సంఘం లారీ నా కాయ ఎత్తదు.

కొట్టను అన్నాను. ఇంకా కొన్ని అన్నాను. అవి రాయనని తమ్ముడు పెన్ను కింద పెట్టాడు. సొన్నప్ప మీసం అరిగిపోయిన చీపురులా ఉంటుందని మాత్రం రాయించాను.

మే 29, బుధవారం. సాయంత్రం 5.30

రాలిన కాయ ఎత్తాల్సిందే. నడుము వంగడం లేదు. ఈ మాట ఎవరి దగ్గరా ఒప్పుకోను.

జూన్ 11, మంగళవారం. ఉదయం 9.00

బెంగళూరు నుంచి పురుగుల సైంటిస్ట్ వచ్చింది. నేత్రావతి అని. ప్యాంటు, మట్టి బూట్లు, నెత్తిన తువ్వాలు. నచ్చింది. జిల్లా అంతా తిరిగి తోటతోటకీ రాలిన కాయ ఏరుతోంది. కాయలోని పురుగును ఇసుకలో పెట్టి ఈగ అయ్యేదాకా పెంచుతారట. ఆ ఈగ లోపలి జీనోమ్ చదువుతారట. అదేమిటని అడిగాను. ఈగ ఏ ఊరి నుంచి వచ్చింది, దాని తాతముత్తాతలు ఏ మందుకు చావకుండా బయటపడ్డారు, అంతా దాని ఒంట్లోనే రాసి ఉంటుందట.

మా వంశంలో మా తాతకు ముందు ఎవరో మాకే తెలియదు. ఈగకు తెలుసు.

అయితే నా ఈగ సంగతీ సొన్నప్ప ఈగ సంగతీ తేల్చి చెప్పమన్నాను. "చూస్తాం అజ్జీ, ముందుగానే ఏమీ చెప్పేదానికి కాదు" అంది. అజ్జీ అంటే కన్నడంలో అవ్వ. సంఘం కూడా రిపోర్ట్ వచ్చేదాకా ఆగుతామంది.

అదే రోజు. మధ్యాహ్నం 1.25

నా తోటలో ఇరవై కాయలు ఏరింది, సొన్నప్ప తోటలో ఇరవై. రెండు గుడ్డ సంచులు. ఒక్కోదాని మూతికి పేరు రాసిన చీటీ కట్టింది. నా వరండాలో మేకుకు తగిలించి భోజనానికి సొన్నప్ప ఇంటికి పోయింది. అతను కోడి కూర చేయించాడు. సంగటి నా ఇంట్లోనూ ఉంది. నేనూ పిలిచాను. అతను ముందు పిలిచాడట.

సంచుల వైపు చూశాను. నాది కింద రసం కారుతోంది. తెల్ల పురుగులు బయటపడి నేల మీద ఎగిరెగిరి పడుతున్నాయి. సొన్నప్పది పొడిగా ఉంది. ఇంక చదివేదేముంది, కేసు అక్కడే పోయింది.

నా చీటీ విప్పి అతని సంచికి కట్టాను. అతనిది నా సంచికి. చదువు రాకపోతే ఏం, ఉన్నవి రెండే చీటీలు.

తమ్ముడు చూశాడు. "తప్పు అక్కా" అన్నాడు. రాయి అన్నాను. "రాస్తే ఉండిపోతాది, ఇంగ కొట్టేసేదానికి లేదు" అన్నాడు. చదవడం నాకు రాదు, చెప్పడం నీకు రాదు, ఇంకెవరికి తెలుస్తుంది అన్నాను. రాశాడు. నిమిషాలతో సహా వేశాడు దుర్మార్గుడు.

జూన్ 12, బుధవారం. ఉదయం 6.00

బాగా నిద్ర పట్టింది.

జూలై 4, గురువారం. ఉదయం 8.20

నేత్రావతి ఫోన్ చేసింది. సొన్నప్ప పేరున్న సంచిలో రెండు వందల పన్నెండు ఈగలు. నా పేరున్న సంచిలో ముప్పై ఒకటి. పాల కేంద్రం దగ్గర క్యూలో నిలబడి అందరికీ వినపడేలా చెప్పాను. సొన్నప్ప చేతిలో క్యాను అలాగే ఉండిపోయింది. "అన్ని ఈగలు నాకు యాడ నుంచి వచ్చినాయి" అని తనలో తాను అనుకుంటూ పోయాడు.

ఒబ్బట్లు చేశాను. తమ్ముడు ఒకటే తిన్నాడు. మామూలుగా నాలుగు తింటాడు.

అక్టోబర్ 18, శుక్రవారం. సాయంత్రం 4.45

సొన్నప్ప నా గేటు దగ్గర ఆగి, పోయినసారి నోరు జారినాను పెద్దమ్మా అన్నాడు. కోపంగా వచ్చి ఉంటే బాగుండేది.

2025 జనవరి 8, బుధవారం. సాయంత్రం 6.40

రిపోర్ట్ వచ్చింది. సంఘం హాల్లో నేత్రావతి గోడ మీద బొమ్మలు వేసి చూపించింది. ఎర్ర చుక్కలు, పచ్చ చుక్కలు.

తాలూకాలో ఈగలన్నీ ఇంచుమించు ఒకే కుటుంబమట. కానీ కొన్నింటికి ఒక జీన్‌లో చిన్న మార్పు ఉంది. ఆ మార్పు ఉన్న ఈగ మందుకు చావదు. అవి ఎర్ర చుక్కలు. అదే మార్పు ఎక్కడో ఉత్తరాన మార్కెట్లలోని ఈగల్లో కూడా ఉందట. లారీల్లో ఖాళీ క్రేట్లతో పాటు మన దాకా వచ్చి ఉండొచ్చు అంది. వచ్చినప్పుడు కొన్నే. మనం మందు కొట్టి కొట్టి మెత్తటి ఈగలను చంపి, ఈ మొండివాటికి చోటు చేసి పెట్టాం. ఇప్పుడు తోటలన్నీ ఎర్రగా ఉన్నాయి.

ఒక్క తోటే పచ్చగా ఉంది. అక్కడ మెత్తటి ఈగలు ఇంకా మిగిలాయి. అవి పొద్దు గుంకే వేళ పక్క తోటల మొండి ఈగలతో జత కడితే పుట్టే పిల్లలు మొండితనంలో సగానికి దిగుతాయట. ఆ తోటలో ఎట్టి పరిస్థితిలోనూ మందు కొట్టకూడదు, అది ఊరందరికీ కావాలి అంది.

ఎవరిది అని ఆదినారాయణప్ప అడిగాడు. చీటీ చూసి సొన్నప్ప గారిది అంది.

సొన్నప్ప లేచి నిలబడ్డాడు. "నేను ఆరుసార్లు కొట్టినాను మేడం" అన్నాడు. "అయితే నీకు అమ్మినోడు నీళ్లు పోసి అమ్మినాడు" అన్నాడు ఆదినారాయణప్ప. తర్వాత అందరూ నా వైపు తిరిగారు. నా పేరు పక్కన అన్నీ ఎర్ర చుక్కలే. నేత్రావతి నొసలు ముడిచి, "మీరు మందే కొట్టలేదన్నారు కదా అజ్జీ" అంది. ఆదినారాయణప్ప ఊరుకోలేదు. "ఇరవై రెండేళ్లు కొట్టలేదని ఊరంతా చెప్పుకుని, చాటుగా కొడతా ఉండావా మునిలక్ష్మమ్మా" అన్నాడు.

పచ్చ తోట నాది కాదు కాబట్టి పాత తీర్మానమే ఉంటుందన్నారు. నా చెట్లకు సోమవారం మందు కొట్టాలని తీర్మానించారు.

జనవరి 9, గురువారం. ఉదయం 5.50

చీటీ మార్చానని చెబితే దొంగనవుతాను. అయితే అవనీ. దొంగ అంటే పడతాను, డెబ్బై నాలుగేళ్లలో ఇంతకంటే పెద్ద మాటలే పడ్డాను, అన్నాను. చాటుగా మందు కొట్టిందంటే మాత్రం పడను. మా ఆయన ఊపిరి పీల్చిన చోట నేను మందు కొట్టానా? వీళ్లు నా కళ్ల ముందు సోమవారం డ్రమ్ములు దించి పైపులు లాగుతారా?

పురుగులు ఎక్కువ ఉంటే నేరం అనుకున్నాను. ఆ పురుగులే నా తోటను కాపాడేవట. వాటిని నా చేతులతో నేనే సొన్నప్పకు ఇచ్చేశాను.

చెప్పేస్తాను అన్నాను. "ఎవురు నమ్ముతారక్కా, చెట్ల కోసం కట్టుకథ చెప్తా ఉండాదంటారు" అన్నాడు తమ్ముడు. అది నిజం. కాసేపు ఇద్దరం కాఫీ తాగాం. అప్పుడు అతను ఈ పుస్తకం మీద వేలితో కొట్టి, "జూన్ పదకొండు, ఒంటిగంటా ఇరవై అయిదు" అన్నాడు.

ఆ ఒక్క పేజీ చించి ఇవ్వమన్నాను. మస్టర్ పుస్తకం పేజీ చించరట. చూపిస్తే మొత్తం చూపించాలట. మొత్తంలో మీసం కూడా ఉంది.

జనవరి 12, ఆదివారం. మధ్యాహ్నం 12.20

ఇప్పుడే వచ్చాం. నేత్రావతిని కూడా పిలిపించాను. తమ్ముడు హాలు ముందు నిలబడి, గని గేటు దగ్గర పేర్లు పిలిచినట్టే గట్టిగా మొదటి పేజీ నుంచి చదివాడు. ఆపమన్నాను, ఆపలేదు. చీపురు దగ్గర ఆదినారాయణప్ప కుర్చీ పట్టుకుని నవ్వాడు. సొన్నప్ప చెయ్యి మీసం మీదికి పోయింది. నడుము సంగతి వచ్చింది. నేను నేల చూశాను.

ఒంటిగంటా ఇరవై అయిదు వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు.

ముందు సొన్నప్పే మాట్లాడాడు. "ఆ పొద్దు కోడి కూర నీకూ పంపుండాల్సింది పెద్దమ్మా" అన్నాడు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని.

నేత్రావతి మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. "ఒక్క చీటీతో ఆరు నెలల పని తలకిందులు చేసినారు అజ్జీ, నేను ఈ కాగితాలు పై ఊళ్లకంతా పంపుండే దాన్ని" అంది. నిజంగా కోపం వచ్చింది ఆ పిల్లకు. తప్పయింది తల్లీ అన్నాను. ఆ మాట నా నోట విని తమ్ముడు టైం చూసుకున్నాడు.

తర్వాత నేత్రావతి పుస్తకం చేతికి తీసుకుని ఆ పేజీ రెండుసార్లు చదివింది. మందు కొట్టిన తోటలో మెత్తటి ఈగ ఎలా మిగిలిందో తెలియక నెల రోజులుగా తల పట్టుకుందట. ఇప్పుడు లెక్క కుదిరింది, కానీ పుస్తకాన్ని నమ్మి సైన్స్ రాయలేను అంది. ఎండాకాలంలో వచ్చి మళ్లీ కాయ ఏరుతుంది. ఈసారి సంచులకు సీలు వేస్తుంది, భోజనం ఎవరి ఇంట్లోనూ చెయ్యదు. అప్పటిదాకా నా తోటలో మందు లేదు. నాకూ ఒక షరతు పెట్టింది. మెత్తటి ఈగల కోసం వదిలే ఒక్క చెట్టు కింద తప్ప మిగతా రాలిన కాయంతా రోజూ ఎత్తి గోతిలో పూడ్చాలి. ఒంగడానికి మనిషిని పంపుతానని సొన్నప్ప అన్నాడు. సరే అన్నాను.

ఆదినారాయణప్ప పాత తీర్మానం కొట్టేశాడు. అతని పుస్తకంలో కొట్టివేతలు చెల్లుతాయి.

జూన్ 20, శుక్రవారం. ఉదయం 10.15

ఈసారి ఆ ఒక్క జీనే చూశారట, అందుకే త్వరగా తేలింది. పచ్చ చుక్కలు నావి. ఒక్క తోటతో ఊరంతా బాగుపడుతుందని చెప్పలేను, రెండేళ్లు చూడాలి అంది నేత్రావతి. చూడనీ. నేను యాడికి పోతాను.

సొన్నప్ప ఈ ఏడు రెండుసార్లే కొట్టాడు. దారిలో కనపడి, "ఏం ఈగల తల్లీ" అన్నాడు. పలికాను.

జూన్ 21, శనివారం. సాయంత్రం 6.05

గాలి సొన్నప్ప తోట వైపు వీస్తోంది. నా ఈగల షిఫ్టు బయలుదేరింది. తమ్ముడు రాసుకున్నాడు.