లాగ్‌బుక్‌ల సంతకం

ప్రియమైన కేదార్,

అమీర్‌పేట నుంచి నా పంజాగుట్ట దవాఖానకు మెట్రోల ఒక్క స్టేషన్. అయినా నువ్వు నా ఫోనెత్తవు, అందుకే ఈ ఉత్తరం. పొద్దున వార్డుకు పోతే పేషెంట్లున్నరు, నేనున్న, స్టూడెంట్లు లేరు. లైసెన్సు పరీక్షకని అందరు నీ కోచింగ్‌ల కూసున్నరట. నాతోని కలిసి రోగి కడుపు మీద చెయ్యి పెట్టి వైద్యం నేర్చుకున్నోనివి, ఇయ్యాల ఏ, బి, సి, డిలల్ల టిక్కు పెట్టుడు నేర్పుతున్నవు. సిగ్గనిపిస్తలేదా?

నీ ఫణీంద్ర

ప్రియమైన ప్రొఫెసర్ గారూ,

సిగ్గెందుకు? గుండె చప్పుడు ఎట్లుంటదని పరీక్షల అడుగుతరు. నువ్వు విన్నవా అని ఎవడూ అడగడు. నీ వార్డుల నాలుగు గంటలు నిలబడ్డా ఒక్క మార్కు రాదు. మీ కాలేజీ పిలగాడు సురేందర్ నా దగ్గర చదివే ఫస్టొచ్చిండు. మైత్రీవనం కాడ ఫ్లెక్సీ ఉంది, జర తలెత్తి చూడు.

నీ కేదార్

ప్రియమైన కేదార్,

నీ ఫస్టు ర్యాంకోడు ఇప్పుడు నా వార్డుల హౌస్‌సర్జన్. మొన్న హనుమాండ్లు అని ముసలాయన పొత్తికడుపు ఉబ్బి వచ్చిండు. సురేందర్ మంచానికి రెండడుగుల దూరం నిలబడి, కడుపుల గడ్డకు పదకొండు కారణాలు చెప్పి, స్కానింగ్ రాసి పోయిండు. అక్కడ లైను. ఆరు గంటలు మొత్తుకున్నడు ముసలాయన. నేనొచ్చి చెయ్యి పెట్టిన. గడ్డ కాదు, నిండిన మూత్రసంచి. ట్యూబ్ వేస్తే లీటరున్నర వచ్చింది. నా చెయ్యి పట్టుకొని ఏడ్చిండు. గిదేనా నువ్వు తయారుచేసే డాక్టరు? థూ!

ఫణీంద్ర

ఫణీ,

సురేందర్‌ను పిలిపించి అడిగిన. "ట్యూబ్ ఎన్నడూ పెట్టలే సార్, భయమైంది" అన్నడు. స్టూడెంటు చేసిన పనులు రాసే ఫైనలియర్ లాగ్‌బుక్ సుత తెప్పించి చూసిన. యూరిన్ ట్యూబ్ పది సార్లు పెట్టిండు, వచ్చు, అని రాసుంది. కింద సంతకం నీది. చెయ్యి పెట్టుడు నేర్పుతనని నేను ఎన్నడూ చెప్పలే. నేర్పిన అని నువ్వే రాసిచ్చినవు. ఆ థూ ఎవరి మీద పడాలె?

కేదార్

ప్రియమైన కేదార్,

నా మీదనే. "రిజల్టు తగ్గొద్దు, పిల్లల్ని వార్డుకు గుంజకు" అన్నడు ప్రిన్సిపాల్. ఊకున్న. ఒక్క మధ్యాహ్నంల బ్యాచ్ మొత్తానికి సంతకాలు గీకిన, ఒక్కటి సుత చదవలే. ఈ ఏడు అట్ల సంతకం పెట్టనన్న. ప్రిన్సిపాల్ నోటీసు చేతికిచ్చిండు.

నిన్న హనుమాండ్లు పక్కన కూసొని తప్పు నాదని చెప్పిన. ఆయన సురేందర్ దిక్కు చెయ్యి చూపిండు.

"మల్లా ట్యూబ్ మార్చాలె గదా సారూ, గా పిలగానితోనే పెట్టియ్యి. నేను ఓర్చుకుంట."

సురేందర్ గ్లౌజులు వేసుకొని ట్యూబ్ పట్టిండు. పక్కన నిలబడి ఒక్కొక్కటి చెప్పిన. హనుమాండ్లు మంచం పట్టె గట్టిగ పట్టుకొని, కండ్లు మూసుకున్నడు. రెండోసారికి ట్యూబ్ లోపలికి పోయింది.

నీ ఫణీంద్ర